మనోళ్ళే టీము మిస్త్రీ

దగ్గరికి జరిగి కూసోన్రి. గా తలుపు కాడ కూసుంటే సగం ముచ్చట బజార్ల పోయే ఆటోలే తింటయి. చాప గుంజుకోన్రి, చాయ్ తాగుకుంట వినున్రి. నేను చదివింది అయిదో తరగతి. రాసుడు తక్కువ, యాదికి ఉంచుకునుడు ఎక్కువ. వరుస జెర అటిటు అయినా, అయినది అయినట్టే చెప్త.

మొన్న పొద్దుగాల మా ఇంటాయన ఫోన్ చూసుకుంట, దగ్గరి సుట్టం పోయినంత బాధగ, "వాడు టీము మారిండటనే" అన్నడు. ఎవడయ్యా అంటే, యాడనో సముద్రాల అవుతల మోటర్‌సైకిల్ రేసులు కొట్టేటోడట. ఈ కంపెనీ ఇడిచి ఆ కంపెనీకి పోయిండట. విలేకర్లను పిలిచిండట, పాత టీముకు దండం పెట్టిండట, కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడట, కొత్త రంగు అంగి తొడిగి నవ్విండట. అన్నీ ఒక్క పూటల్నే. నాకు నవ్వొచ్చింది. సిద్దిపేటల పుట్టి పెరిగినదాన్ని, రంగు మార్చి నవ్వుడు నాకు సముద్రాల అవుతలికెళ్ళి చూపియ్యాల్నా? మా తాన బట్టల దుకాన్లల్ల పెండ్లి శాలువల కన్నా మెడల ఏసే పార్టీ కండువాలే ఎక్కువ పోతయి.

నవ్వినంక మనసు ఎట్లనో అయ్యింది. గిసొంటి ముచ్చట చెప్తె చెవి అటు పెట్టి విని, రెండు తిట్లు తిట్టి, "ఇగ చాయ్ పొయ్యక్క" అనేటాయన ముంగటి షట్టర్ల లేడు. పోయి నలభై రోజులైంది. నిన్న ఆళ్ళింట్ల నలభై రోజుల ఫాతిహా, గదే మన దినం లెక్క, అయితే పోయొచ్చిన.

ఆయన పేరు చెప్ప. ఆయననే బోర్డు రాయించుకోలే. "పేరు రాస్తె పని పెరుగుతది, పని పెరిగితె చెవులు ఖరాబైతయి" అంటుండె. సిద్దిపేట మొత్తం ఆయనను మిస్త్రీ అనే పిలిచింది, నేను భాయ్ అన్న. గంతే సాలు.

మా ఇంటి ముంగటి షట్టరు ఇరవై రెండేండ్లు ఆయనదే. వంటింటి కిటికీ తీస్తే ఆయన షెడ్డే కనవడ్తది. నా పోపు ఘాటు ఆయనకు, ఆయన పెట్రోల్ వాసన నాకు. ఇద్దరం ఒగల మీద ఒగలం దగ్గుకుంటనే బతికినం.

రేసు బండ్లు కట్టే మనిషి, షెడ్డుకు సైకిల్ మీద వస్తుండె. అదీ బెల్లు లేని సైకిల్. "ఏంది భాయ్, ఇన్ని బండ్లు చేతికింద పెట్టుకొని సైకిలేంది?" అని అడిగితె, "డాక్టర్ ఉట్టిగ కూసొని సూదులు ఏసుకుంటడా అక్క?" అన్నడు. ఆయన మాటలకు ఎవల దగ్గర జవాబు ఉండకపోతుండె, అందుకే గిరాకీ గూడ ఎక్కువ ఉండకపోతుండె.

ఒగడు కొత్త బండికి సైలెన్సర్ తీసేసి డమడమ సప్పుడు చేసుకుంట వస్తె, కింది నుంచి మీదికి చూసి, "ఇది బండి కాదు బేటా, బారాత్. పెండ్లికొడుకు యాడున్నడు?" అన్నడు. వాడు మల్ల రాలే. బెజ్జంకి దిక్కుకెళ్ళి పాల క్యాన్లు కట్టుకొని ఒకాయన వస్తుండె. బండి గుంజుతలేదని మొత్తుకుంటె, మిస్త్రీ ఆదివారం పొద్దంత కూసొని దాన్ని సవరించిండు. వారం కాంగనే పాలాయన గుంజుకుంటొచ్చి, "భాయ్, ఎప్పటి లెక్కనే చెయ్యి. గీ ఉరుకుడుకు సిద్దిపేట వచ్చేసరికి క్యాన్ల మీద వెన్న తేలుతున్నది" అని బతిలాడిండు. మిస్త్రీకి కోపమొచ్చింది. "వెన్న గూడ వస్తుంటె నష్టమేంది నీకు?" అన్నడు.

ఇంజన్ చూసేదానికి ఆయనకు కండ్లు అక్కెర లేకుండె. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకొని కండ్లు మూసుకుంటుండె. డాక్టర్లు గొట్టం పెట్టినట్టు. గప్పుడు బజార్ల ఎవడన్న హారన్ కొట్టిండో, వాని తాతల కాడికెళ్ళి తిట్టుకుంట లేస్తుండె. నేను గూడ కుక్కర్ సీటీ రాకముందె పొయ్యి తగ్గించుడు నేర్చుకున్న. ఇరవై రెండేండ్లు మా ఇంట్ల పప్పు సగం ఉడికిందే తిన్నరు, రేసుల కోసం.

ఒక్కపారి నేను గూడ రేసు చూద్దామని పోయిన. మర్కూక్ దిక్కు, కట్ట కింద మట్టి జాగల పెట్టిన్రు. జనం తాడు మీద పడి చూస్తున్నరు, దుమ్ము మబ్బు లెక్క లేస్తున్నది. మిస్త్రీ చూస్తె నూనె డబ్బ బోర్లిచ్చి, రేసుకు వీపు పెట్టి కూసున్నడు.

"భాయ్, గటు తిరిగినవేంది? రేసు గిటున్నది."

"చూస్తె భయమైతదక్క. వింటె తెలుస్తది." కండ్లు మూసుకొనే చెప్తుండు. "గిప్పుడు మూడో గేరు. గిప్పుడు పక్కోన్ని దాటిండు. గిప్పుడు ఆశకు పోతుండు... గిప్పుడు పడ్డడు."

తిరిగి చూస్తె నిజంగనే పడ్డడు. చెప్పులు ఇడిచి ఉరికిండు మిస్త్రీ. రైడర్‌ను లేపిండు, చెయ్యి కాలు గుంజి చూసిండు, ఏం ఇరగలేదని తెలిసినంక గప్పుడు తిట్టుడు షురూ చేసిండు. ఆయనకు అదొక పద్ధతి. దెబ్బ తాకినోన్ని తిట్టేటోడు కాదు.

ఇగ టీము ముచ్చట. మిస్త్రీకి ఒక టీము ఉండె. నవ్వకున్రి. కాయితం మీద నమోదైన టీమే.

మొదటిపారి హైదరాబాద్ దగ్గర రేసుకు పోయినప్పుడు, ఫారం నింపేటాయన తలకాయ లేపకుండ "టీమ్?" అని అడిగిండట. బండ్ల సప్పుడుకు మిస్త్రీకి సరిగ వినరాలే. వెనుక నిలవడ్డ ఇద్దరు పిలగాండ్లను చూసి, గీళ్ళెవలని అడుగుతుండు అనుకున్నడు.

"మనోళ్ళే," అన్నడు.

ఆయన గట్లనే రాసుకున్నడు. ఠప్పున ముద్ర గుద్దిండు. గా దినం సంది సర్కారు కాయితాల లెక్క అదే నడిచింది. టీము పేరు మనోళ్ళే. మార్చాలంటె మల్ల దరఖాస్తు పెట్టాలన్నరు, మిస్త్రీ "నక్కో" అన్నడు. వద్దు అనేదానికి ఆయన మాట అది. నంబర్ ప్లేట్లు రాసేటోని దగ్గరికి పోయి ఇంగ్లీషుల రాయించి ట్యాంకు మీద అతికించిండు. చెన్నై పోతె ఆడ మైకుల చెప్పేటాయన నాలుక మడిచి "మెనోల్లీ... మెనోల్లీ" అని పిలిచిండట. ఇది ఇటలీ కంపెనీయా అని ఒకాయన వచ్చి అడిగిండట. మిస్త్రీ నూనె చేతులు తుడుచుకుంట, "హా, ఇటలీ పక్కపొంటి సిద్దిపేట" అన్నడట. నిజమో, నాకు నవ్వు రావాలని చెప్పిండో నాకు తెల్వది.

మనోళ్ళే టీముల మొదలు ఒక రైడర్ ఉండె. మూడేండ్లు మిస్త్రీ దగ్గర పడుడు లేచుడు నేర్చుకొని, జెర పేరు రాంగనే హైదరాబాద్ టీముకు పోయిండు. పొయ్యేటప్పుడు మిఠాయి డబ్బ ఇచ్చిండు. రెండోడు పుణె టీముకు పోయిండు. వాడు జెర పెద్ద డబ్బ ఇచ్చిండు. రెండుసార్లూ మిస్త్రీ డబ్బ తెచ్చి మా కిటికీల పెట్టి, "తినక్క, మనోడు పార్టీ మారిండు" అన్నడు. ఒక్క ముక్క నోట్ల ఏసుకోలే.

"ఇగ మూడోడు గూడ పోతె షట్టర్ గుంజి బిర్యానీ హోటల్ పెడ్త," అని ఒట్టు పెట్టుకున్నడు.

"మంచిది భాయ్. నా పప్పు అన్న మంచిగ ఉడుకుతది," అన్న.

మూడోడు జగదేవ్‌పూర్ పిలగాడు. వ్యవసాయపోళ్ళ ఇల్లు. నాయిన ట్రాక్టర్ నడుపుమంటె వీడు రెండు చక్రాల మీదనే ఉరుకుతా అన్నడు. మిస్త్రీని చాచా అంటుండె, నన్ను పెద్దమ్మ అంటుండె. అయిదేండ్లు ఉన్నడు. మిస్త్రీ వీన్ని తిట్టినట్టు ఇంకెవన్ని తిట్టలే. బ్రేకు ఆలస్యంగ పట్టుకుంటె తిట్టు, ముందుగాల పట్టుకుంటె తిట్టు, సమయానికి పట్టుకుంటె "ఇన్నేండ్లు ఏం చేసినవ్" అని తిట్టు. వాడు తలకాయ వంచుకొని బోల్టులు కడుక్కుంట నవ్వుకునేటోడు. నాకు గప్పుడే సమజైంది, ఇద్దరికీ గా తిట్లు అన్నం లెక్క అయినయని.

వీని కోసం మిస్త్రీ ఒక పెద్ద బండి కట్టుడు షురూ చేసిండు. రేసులల్ల చిన్న క్లాసు, పెద్ద క్లాసు అని ఉంటయి. దేశం మొత్తంల మంచి మంచి రైడర్లు ఉరికేది పెద్ద క్లాసుల. ఆడికి పెద్ద పెద్ద కంపెనీల టీములే పోతయి. మిస్త్రీ ఏం చేసిండు? ఎక్కడో గుద్దుకున్న బండి ఇంజన్ తెచ్చుకొని, ఫ్రేము తనే అతికిచ్చి, రెండేండ్లు షెడ్డు ఎనుక పాత చెద్దరు కప్పి దాసి కట్టిండు. ఒక్కపారన్న పెద్ద క్లాసు రేసు షురూ అయ్యే గీత మీద మనోళ్ళే అని రాసిన బండి నిలవడాలె. గది ఆయన మనసుల మాట. నాతోని ఒక్కసారే చెప్పిండు. చెప్పినంక, "బయట అనకు, నవ్వుతరు" అన్నడు. నేను అనలే. లోపల మాత్రం నవ్విన, ఎందుకు అబద్దం.

గా బండి చెన్నై తీస్కపోయి ట్రాక్ మీద మూడు నాలుగుసార్లు ఉరికిచ్చుకొచ్చిన్రు. వచ్చిన ప్రతిపారీ మిస్త్రీ "ఇంక జెర ఉన్నది" అంటుండె, పిలగాడు "హా చాచా, ఇంక జెరనే" అంటుండె. వచ్చే సీజన్‌కు పేరు ఇస్తమని అనుకున్నరు.

గప్పుడు కోయంబత్తూరుకెళ్ళి ఫోన్ వచ్చింది. పెద్ద టీము. పిలగాడు చిన్న క్లాసుల ఉరికినదంత చూసిన్రట, పెద్ద క్లాసుల సీటు ఇస్తమన్నరు. వాళ్ళ బండి, వాళ్ళ మెకానిక్కులు, వాళ్ళ కంప్యూటర్లు. ఒక్కటే షరతు. ఇప్పుడున్న టీము ఇడిచిపెడ్తున్నమని కాయితం రాసియ్యాలె. ఎనిమిది రోజులల్ల కాయితం రాకపోతె సీటు ఇంకొకనికి.

ఊర్ల ముచ్చట అగ్గి లెక్క పాకింది. కాయితం మీద ఇంక సంతకమే కాలే, ఇక్కడ ఫ్లెక్సీలు లేసినయి. పాత బస్టాండు కాడ ఒకటి. దాన్ల మా వార్డు లీడర్ మొఖం బతుకమ్మంత, ఆయన అనుచరుల మొఖాలు పన్నెండు, మూలకు పిలగానిది ఒకటి. అదీ హెల్మెట్ పెట్టుకున్న ఫోటో. కన్నతల్లి వచ్చి చూసినా గుర్తుపట్టది. కింద "పెద్ద టీములోకి చేరిన మన ముద్దుబిడ్డ" అని రాసిన్రు.

సన్మానం అని పిలిచి, లీడర్ అలవాటు చొప్పున పిలగాని మెడల కండువా ఏసిండు. ఏ కండువా ఏసిండు? ఆయన చేతికి ఎప్పుడూ తాకేదే ఏసిండు, పార్టీ కండువా. ఫోటో ఫోన్లల్ల తిరిగింది. "చేరిండు" అని చదివినోళ్ళు యాడ చేరిండో ఎందుకు అడుగుతరు? తెల్లారి జగదేవ్‌పూర్‌ల వాని నాయిన పొలం కాడ ఉంటె అవుతలి పార్టోళ్ళు పోయి, "ఏందే, మాకు ఒక మాట చెప్పకుండ కొడుకును పంపినవ్?" అని కూసున్నరట. "మావోడు మోటర్‌సైకిల్ టీముల చేరిండు బాంచెన్" అని ఆయన మొత్తుకుంటె, "అది ఏ వర్గం?" అని అడిగిన్రట.

ఇంత లొల్లి అయితుంటె మిస్త్రీ ఏం చేస్తుండు? కార్బురేటర్ కడుగుతుండు.

కాయితం వచ్చిన దినం నేను కిటికీల్నే ఉన్న. ఇంగ్లీషుల ఉన్నది. పిలగాడు చదివి తెలుగుల చెప్పిండు. గొంతు చిన్నగ చేసి చెప్పిండు.

"ఈ తారీఖు సంది ఈ రైడర్ మనోళ్ళే టీముకు చెందినోడు కాదు. అతనితోని మనోళ్ళేకు ఏ సంబంధమూ లేదు. గంతే చాచా. కింద సంతకం."

మిస్త్రీ చేతులు కట్టెపొట్టుల రుద్దుకుంట ఆగిండు.

"మల్ల చదువు."

మల్ల చదివిండు.

"అంటె నువ్వు మనోళ్ళల్ల ఒగనివి కాదు అని నేను రాసియ్యాలె."

"టీము పేరు గదా చాచా. గట్లనే వస్తది."

"టీము పేరు నాకు తెల్వదా? పెట్టిందే నేను. నక్కో. పెట్ట."

వాడు ఇంక ఏదో అనబోయిండు. మిస్త్రీ స్క్రూడ్రైవర్ తీసి ఒక ఇంజన్ మీద పెట్టి చెవికి ఆనిచ్చుకున్నడు. గా ఇంజన్ నడుస్తనే లేదు. ఆగి ఉన్న ఇంజన్‌ను వింటుండు. పిలగాడు చెప్పులు తొడుక్కొని పోయిండు.

వాడు పోయినంక మిస్త్రీ కాయితం తెచ్చి కిటికీలకెళ్ళి నాకు ఇచ్చిండు. రెండు వేళ్ళ కొసలతోని పట్టుకొని తెచ్చిండు. "నీ దగ్గర పెట్టక్క. నా దగ్గర ఉంటె నూనె అంటుతది." సంతకం పెట్టనోనికి కాయితం మాసిపోతె ఏంది బాధ? పెడ్తడని నాకు గప్పుడే సగం తెలిసింది. మిగిలిన సగం ఆయనకు తెల్వాలె గదా.

మూడు దినాలు అట్లనే పోయినయి. నాలుగో దినం లీడర్ దిగిండు, ఎనుక నలుగురితోని. కుర్చీ ఎయ్యుమన్నడు, ఏసిన.

"భాయ్, ఊరి పరువు ముచ్చట. ఒక్క సంతకమే గదా. పిలగాని భవిష్యత్తుకు అడ్డం పడుతవా?"

మిస్త్రీ కార్బురేటర్లకెళ్ళి తల లేపలే. "అన్నా, మీరు మూడుసార్లు మారిన్రు."

"అది వేరే..."

"తప్పు అంటలేను. మారిన్రు. నేను అడిగేదేందంటె, మూడుసార్లల్ల ఎవని దగ్గర కాయితం రాయించుకొచ్చిన్రు? గా నమూనా ఉంటె ఇయ్యున్రి, గట్లనే రాసిస్త."

ఎనుకున్న నలుగురిల ఒగనికి నవ్వు ఆగలే, దగ్గినట్టు చేసిండు. లీడర్ చాయ్ తాగకుండనే లేసిండు. దగ్గినోడు మల్ల గా గుంపుల కనవడలే, ఇప్పుడు అవుతలి పార్టీల ఉన్నడు.

గెలిచిన మొఖంతోని మిస్త్రీ నా దిక్కు చూసిండు. నాకు కోపమొచ్చింది.

"మంచిగ అన్నవ్ భాయ్. ఇగ ఎనిమిది దినాలు అయిపోతయి, సీటు పోతది, పిలగాడు ఈడనే ఉంటడు. పొద్దుగాల లేసి మీరిద్దరు ఒగల మొఖం ఒగలు చూసుకోన్రి. మనోళ్ళే గదా."

మిస్త్రీ సైకిల్ తీసుకొని పోయిండు. గా దినం పొద్దు ఉండంగనే షట్టర్ పడ్డది.

ఏడో దినం మధ్యాహ్నం పిలగాడు వచ్చిండు. కాయితం అడుగలే. షెడ్డు ఎనుకకు పోయి బండి మీది చెద్దరు తీసి, బయటికి నూకి, స్టాండు ఏసి స్టార్ట్ చేసిండు. మా గిన్నెలు గలగల అన్నయి. మిస్త్రీ వచ్చి స్క్రూడ్రైవర్ పెట్టి కూసున్నడు. వాడు మెల్లగ పెంచుకుంట పోతుండు. ఒక జాగకు వచ్చి ఆపిండు.

"చాచా, ఒకటి చెప్పాలె."

"చెప్పు."

"పై గేర్లల్ల మన బండికి ఊపిరి ఆడ్తలేదు. యాడాది సంది. నువ్వు బాధపడ్తవని నేనే ముందుగాల గేరు మార్చి సర్దుకుంటున్న. పెద్ద క్లాసుల ఇది ఆగది చాచా. కట్టుడుల తప్పు లేదు. ఇంజన్‌కే గంత లేదు."

నేను చేతిల గంటె పట్టుకొని అట్లనే నిలవడ్డ. రెండేండ్లు కట్టిన బండి అది. ఇప్పుడు ఆ స్క్రూడ్రైవర్ యాడికి ఇసురుతడో అనుకున్న.

మిస్త్రీ బండి బంద్ చేసిండు. పిడి చెవికెళ్ళి తీసి అంగికి తుడిచిండు.

"నాకెరుకే. నువ్వు ముందుగాల గేరు మారుస్తుంటె నాకు వినవడదా? యాడాది సంది వింటున్న. నువ్వు చెప్తవేమో అని చూసిన."

"మరి నువ్వెందుకు అనలే?"

"నేనంటె నువ్వు పోతవు గద రా."

ఇద్దరు ఆ బండికి చెరొక దిక్కు కూసున్నరు. ఇంత పెద్ద చెవులున్న మనిషి, యాడాది పొడుగూత తనకు తనే చెవిటోడై కూసున్నడు. వాడేమో దెబ్బ తాకొద్దని అబద్దం గేర్లల్ల దాసిండు. రేసులు కొట్టేటోళ్ళు గింత నిమ్మళంగ పోతరని నేను అనుకోలే.

"అక్క, కాయితం తే," అన్నడు మిస్త్రీ. "పెన్ను గూడ తే. నువ్వు గూడ రా."

పోయిన.

"నీకు తెలుగు రాసుడు వస్తది గదా. నాకు ఉర్దూల సంతకమే వస్తది. గీ ఇంగ్లీషు కింద, నా సంతకం మీద, నేను చెప్పింది రాయి."

"ఏం రాయాలె?"

"రాయి. పైన రాసింది అబద్దం. అయినా సంతకం పెడ్తున్న."

నేను పిలగాని దిక్కు చూసిన. వాడు మొఖం అటు తిప్పుకున్నడు. గుండ్రటి అక్షరాలు పెద్దగ పెట్టి, బడి ఇడిచిపెట్టినంక అంత మంచిగ ఎన్నడూ రాయనట్టు రాసిన. మిస్త్రీ చేతులు రెండుసార్లు సబ్బుతోని కడుక్కొని వచ్చి కింద సంతకం పెట్టిండు. కోయంబత్తూరోళ్ళకు తెలుగు వస్తదా? సాక్షి అనుకున్నరో, అడ్రస్ అనుకున్నరో. తీసుకున్నరు. వాళ్ళ బీరువల ఇప్పటికీ ఉండచ్చు, నా అయిదో తరగతి రాత.

పిలగాడు మిఠాయి డబ్బ తేబోతె మిస్త్రీ, "తెచ్చినవంటె కాయితం చింపుత" అన్నడు.

మొదటి పెద్ద రేసుకు మిస్త్రీని కోయంబత్తూరోళ్ళు పిలిచిన్రు. టికెట్టు పంపిన్రు. నాలుగు దినాలకు పోయిండు, రెండు దినాలకే వచ్చిండు.

"ఏమైంది భాయ్? మర్యాద చెయ్యలేరా?"

"చేసిన్రక్క. మంచిగ చేసిన్రు. కొత్త అంగి ఇచ్చిన్రు, మెడల బిళ్ళ ఏసిన్రు, కుర్చీ ఏసి కూసోమన్నరు." చాయ్ సాసర్ల పోసుకొని ఊదిండు. "నాకు కుర్చీ ఏసిన్రు. చేతులు ఒడిల పెట్టుకొని కూసున్న. ఇరవై మంది బండి సుట్టు ఉన్నరు, ఒక్కడు చెవి పెట్టలే. కంప్యూటర్ చూసి చెప్తున్నరు."

"కరెక్టుగ చెప్తున్నరా?"

సాసర్ కింద పెట్టిండు. "కరెక్టుగనే చెప్తున్నరు. గదే నా బాధ."

గా రేసుల పిలగాడు పదకొండోడు వచ్చిండు. తర్వాత ఏడోడు, తర్వాత నాలుగోడు. ఫోన్ చేస్తుండె. మిస్త్రీ స్పీకర్ పెట్టి, నాలుగోడు వచ్చిన దినం గూడ, "ముంగట ముగ్గురు ఉన్నరంటె నువ్వు నిద్రపోయినట్టే" అని తిట్టిండు. బిర్యానీ హోటల్ పెట్టలే. గా పెద్ద బండి ఇంజన్ తీసి బెజ్జంకోళ్ళకెవలకో నీళ్ళ పంపుకు బిగిచ్చిచ్చిండు. "పొలానికి దానికి ఊపిరి సాలుతది" అన్నడు.

చివరికి గుండెల నొస్తుందని దవాఖానల ఏసిన్రు. నేను చూసేదానికి పోతె మొఖం మీద గొట్టం తీసి, "అక్క, గీ ఫ్యాను బేరింగు పోతున్నది, ఎవలకన్న చెప్పు" అన్నడు. చెప్పిన. ఎవలన్న పట్టిచ్చుకుంటరా? ఆయన పోయిన దినానికి పిలగానికి రేసు ఉండె. మట్టి ఇచ్చేదానికి రాలేకపోయిండు.

నిన్న ఫాతిహాకు వచ్చిండు. అన్నం తిని, అందరు పోయినంక మా ఇంటికి వచ్చి వాకిట్ల కూసున్నడు. షట్టర్ దిక్కు చూస్తలేడు.

"పెద్దమ్మ, నేను ఇంకో టీముకు పోతున్న. దీనికన్నా పెద్దది. బయటి దేశాల రేసులు గూడ ఉంటయి."

"మంచిది బిడ్డా. మరి కోయంబత్తూరోళ్ళు కాయితం ఇచ్చిన్రా?"

"ఇచ్చిన్రు. మెయిల్ పెట్టిన. పది నిమిషాలల్ల వచ్చింది. కింద ఆల్ ద బెస్ట్ అని ఒక పువ్వు బొమ్మ పెట్టిన్రు." ఫోన్ తీసి నాకు చూపిచ్చిండు. నిజంగనే పువ్వు. "పది నిమిషాలు పెద్దమ్మ. ఒక్కడు తిట్టలే."

ఆ మాట అని వాడు గట్లనే కూసున్నడు, అంత పొడుగు మనిషి, మోకాళ్ళు పట్టుకొని.

నేనేం చెయ్యాలె? నాకు బండ్ల ముచ్చట ఏం తెలుసు? కొంగు నడుముకు చెక్కుకొని తిట్టుడు షురూ చేసిన. పెద్ద మనిషి మట్టికి రానోడివి నువ్వేం రైడర్‌వు అన్న. నాలుగోడు వచ్చి ఫోటోలు దిగుతవా అన్న. బొక్కలు తేలినయి, ఆ టీముల తిండి పెడ్తలేరా అన్న. రేపు బయటి దేశం పోయినంక ఫోన్ చెయ్యకపోతె మీ నాయినకు చెప్పి ట్రాక్టర్ ఎక్కిస్త అన్న. బ్రేకు ముచ్చట యాదికొచ్చి, ఆలస్యంగ పట్టుకుంటవు, ముందుగాల పట్టుకుంటవు, సక్కగ ఎన్నడు పట్టుకుంటవు అని గది గూడ తిట్టిన. సమజై తిట్టినా, సమజ్ కాక తిట్టినా, వాడు తలకాయ వంచుకొని విన్నడు. నేను ఆగంగనే, "ఇంక?" అన్నడు. ఇంక తిట్టిన. నా నోరు ఎండిపోయి నీళ్ళకు పెరట్లకు పోయొచ్చేసరికి, ఆడ తిని వచ్చినోడు మల్ల మా వంటింట్లకెళ్ళి కంచం తెచ్చుకొని పప్పు ఏసుకొని తింటుండు.

గిదీ ముచ్చట. పొద్దు గుంకుతున్నది, ఇగ మీరు గూడ లేవున్రి. మీ ఇల్లు సల్లగుండ. మీ ఇంట్ల పొయ్యి ఆరకుండ, మీ గడప దాటి పోయినోళ్ళు క్షేమంగ మర్లి రావాలె. మీరు మెతక పడ్డప్పుడు మీద పడి తిట్టేటోళ్ళు మీ ఇంట్ల ఒగలన్న, పండ్లూడినా గొంతు తగ్గకుండ, నిండు నూరేండ్లు ఉండాలె.